‘పచ్చి గెలలు తీసుకోబడవు’: టీకా తాత్పర్యం

అవతారిక: శాలంకాయనులు ఏలిన వేంగి నేటి పెదవేగి. ఆనాడు ఇక్కడ రాగిరేకుల మీద శాసనాలు చెక్కారు. ఈనాడు ఆ చుట్టుపక్కల ఒక పామాయిల్ కాటా దగ్గర ఇనుపరేకు మీద ఒకే ఒక్క వాక్యం రాశారు. వ్యాఖ్యాత ట్రాక్టర్ దిగగానే దర్శనమిచ్చింది.

మూలం: పచ్చి గెలలు తీసుకోబడవు.

ప్రతిపదార్థం: పచ్చి = పండని; గెలలు = పామాయిల్ గెలలు (అరటివి కావని సందర్భాన్ని బట్టి గ్రహించాలి); తీసుకోబడవు = కాటా ఎక్కవు. ‘బడు’ చేరినందువల్ల కర్త లుప్తం. ఎవరు తీసుకోరని అడిగితే గుమాస్తా బోర్డు చూపిస్తాడు. కనుక బోర్డే కర్త.

తాత్పర్యం: పండని గెలలో నూనె తక్కువ. మోసుకురావద్దని భావం.

పూర్వపక్షం: పచ్చిది పచ్చగా ఉండాలి. జామ, నిమ్మ, మామిడి అన్నీ ఈ వ్యాకరణానికి కట్టుబడినవే. మా గెల నేరేడుపండులా నల్లగా ఉందే! మరి పచ్చిదెలా అవుతుంది?

సమాధానం: మన తోటల్లో ఎక్కువగా ఉన్న రకానికి పచ్చితనమే నలుపు. నేరేడుకీ వంకాయకీ రంగునిచ్చే ఆంథోసయనిన్లే ఈ కాయ తొక్కలోనూ పేరుకుంటాయి. పండాక లోపలి కెరోటిన్ల ఎరుపు పైకి తేలుతుంది. అయినా కొసన నలుపు మిగలవచ్చు. ఎత్తైన చెట్టు కింద మెడ రిక్కించి చూసేవాడికి పండిందో లేదో తేలదు. ఇది విరోధాభాసం.

పాఠాంతరం: రెండో బోర్డు మీద వానకు గుడి చెరిగి ‘పచ్చ గెలలు’ అయింది. లేఖక దోషమని తోసెయ్యరాదు. ఆఫ్రికాలో అరుదుగా పుట్టే ఒక రకం కాయ పచ్చిగా ఉన్నప్పుడు నిజంగానే ఆకుపచ్చ, పండితే నారింజ. దీని కారణం 2014లో మలేసియా శాస్త్రజ్ఞులూ వారి సహచరులూ ప్రకటించారు. ఆంథోసయనిన్ల తయారీకి ఆజ్ఞ ఇచ్చే జన్యువు ఒకటుంది, పేరు విరెసెన్స్. అందులో ఐదు వేర్వేరు మార్పులు కనిపించాయి. ఐదింటిలోనూ ప్రోటీన్ తోక తెగిపోయింది, మన బోర్డు మీద గుడి పోయినట్టే. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క తెగిన ప్రతి వచ్చినా చాలు, రెండో ప్రతి మంచిదైనా దాని మాట చెల్లదు. నలుపు రాదు, ఆకుల్లోని పత్రహరితమే కాయ మీదా కనిపిస్తుంది, పండే వేళకి అదీ తొలగి కెరోటిన్ బయటపడుతుంది. ఆ తోటలో ‘పచ్చి’, ‘పచ్చ’ రెండు పాఠాలకీ అర్థం ఒకటే. తెలుగు వ్యాకరణాన్ని గౌరవించిన పామాయిల్ అదొక్కటే.

విశేషం: పామాయిల్ మీద పరిశోధనకు పెదవేగిలోనే 1995 నుంచి జాతీయ సంస్థ ఉంది. రైతు మాత్రం రంగును నమ్మడు. చెట్టు మొదట్లో రాలిన పళ్ళు చూసి కొడవలి ఎత్తుతాడు. వ్యాఖ్యాత రంగును నమ్మి కోశాడు.

ఫలశ్రుతి: ఈ టీకనంతా గుమాస్తాకు వినిపించాను. రెండుసార్లు తలూపి, శ్రద్ధగా విన్నాడు. విని, గెల పక్కన పెట్టాడు.