అరుదైన బొమ్మ రైలు పెట్టెను పోల్చుకోవడానికి అయిదు అడ్డదిడ్డం సలహాలు

మన పెద్దలు రంగం అన్న యాంగోన్‌లో, పాత సామాన్ల కొట్లో ఓ రేకు రైలు పెట్టె కంటబడిందనుకోండి. అది అరుదైన రకమేనా? దీనికి నేనిచ్చే సలహాలు అందరూ చెప్పేవాటికి ఎదురు తిరిగి ఉంటాయి. అయినా పాటించండి.

1. ముందు మామూలు పెట్టెనే కొనండి. హార్న్‌బీ బొమ్మ రైళ్ళు లివర్‌పూల్‌లో 1920లో మొదలయ్యాయి. తొలి పెట్టెల భాగాలను నట్లూ బోల్టులతో బిగించారు. తర్వాత రేకు నాలుకలను గాడిలో దూర్చి మడిచారు. మామూలుదాన్ని పదిసార్లు తిప్పి చూసిన చేతికే ఆ తేడా చిక్కుతుంది.

2. పైరంగు చూసి మురిసిపోకండి, బోర్లించి చూడండి. రంగు ఎవరైనా వేయగలరు. అమెరికా లయొనెల్ కంపెనీ 1953లో మొదలుపెట్టిన 6464 వరుస ప్లాస్టిక్ పెట్టెల్లో, మందులతో రంగు మార్చి అరుదైనవంటూ అంటగట్టినవి ఉన్నాయి. అడుగు చట్రం, కొక్కెం, చక్రాలు ఒకే కాలానివి కావాలి. 1930ల నాటి పోత చక్రాలు పగుళ్ళు తేలి ఉంటే భయపడకండి. జింకులో సీసం కలిస్తే వచ్చే జబ్బు అది.

3. అమ్మేవాడు చెప్పే ఏడాదిని నమ్మకండి, పెట్టె మీది అక్షరాలను నమ్మండి. బ్రిటన్ రైల్వే కంపెనీలు 1923లో నాలుగింటిలో కలిశాయి. ఎల్ఎంఎస్ ఆ నాలుగింటిలో ఒకటి. కాబట్టి ఆ పేరు రాసి ఉన్న పెట్టె 1920 నాటిదంటే ఒప్పుకోకండి. హార్న్‌బీ వాళ్ళ కోల్‌మన్స్ ఆవపిండి వ్యాను కొద్దికాలమే తయారైంది. ఆ పేరు కనబడితే చేయి చాచే ముందు అనుమానించండి.

4. కొట్టుకు వెళ్ళే ముందు సర్క్యులర్ రైలెక్కండి. యాంగోన్ చుట్టూ దాదాపు 46 కిలోమీటర్లు తిరిగే ఆ దారిలో, జపాన్‌లో వాడేసిన డీజిల్ పెట్టెలను తెచ్చి నడిపారు. అక్కడి 1067 మిల్లీమీటర్ల పట్టాలకు చేసిన చక్రాలను ఇక్కడి మీటర్ గేజికి సరిపెట్టారు. అలాంటి పెట్టె దొరికితే, పుట్టినప్పటిది ఏది, ఇక్కడ మార్చింది ఏదని కిటికీ నుంచి కొక్కెం దాకా వెతకండి. ఆ కంటితోనే బొమ్మనూ చూడాలి.

5. తుడవకండి, తోమకండి. ఇంత వాన కురిసే ఊళ్ళో రేకు తుప్పు పట్టకుండా ఎలా ఉంటుంది? మడత లోపల పాత తుప్పుండి, పైన రంగు నిగనిగలాడుతుంటే మళ్ళీ పూశారన్నమాట. తోమితే ఆ సాక్ష్యం పోతుంది. పొడి గుడ్డలో చుట్టి, తడి తగలని చోట పెట్టండి.

చివరగా ఒక్క మాట. 1942లో జపాన్ దాడికి రంగం వదిలి నడిచొచ్చిన తెలుగు కుటుంబాలు సామానంతా అక్కడే విడిచిపెట్టాయి. మీ పెట్టె ఎవరింటి నుంచి వచ్చిందో అడిగి, కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి. ఆ పెట్టె లాంటిది ఇంకోటి దొరకవచ్చు. దాని చరిత్ర మాత్రం చెప్పేవాళ్ళు పోతే మళ్ళీ దొరకదు.