లోకాన్ని ఉద్ధరించే కూటమికి కొన్ని చిట్కాలు

ఒక కంపెనీ, ఒక ఫౌండేషన్, ఒక ప్రభుత్వ శాఖ, ఐక్యరాజ్యసమితి విభాగం ఒకటి, ఫొటోల్లో నిలబడటానికి ఒక స్వచ్ఛంద సంస్థ. ఈ అయిదూ ఒక బల్ల చుట్టూ చేరాయంటే సగం లోకకల్యాణం జరిగిపోయినట్టే. మిగతా సగానికి ఒప్పంద పత్రం, వెనకాల బ్యానరు, బ్యానరు మీద లోగోలు చాలు. ఎవరి లోగో ఎంత సైజు, ఎవరిది కుడివైపు అన్నది తేలడానికి మూడు నెలలైనా ఇవ్వండి. ఇక్కడ తొందరపడితే జీవితాంతం మనస్పర్థలు. చేయబోయే పని ఏమిటో అప్పటికింకా తేలలేదా? మరీ మంచిది, పోట్లాడుకోవడానికి ఒక విషయం తగ్గింది.

తర్వాత వస్తువు చూసుకోండి. జనానికి ఏం కావాలని మొదలుపెట్టారో, మీకు ఫొటో దక్కదు. ఫొటోలో ఏది బాగుంటుందో ముందు నిర్ణయించుకుని, దానికి తగిన అవసరాన్ని ఆ తర్వాత వెతుక్కోవాలి. ఈ విద్యలో దక్షిణాఫ్రికాలో పుట్టిన ప్లేపంప్‌ను మించింది లేదు. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నం అది. వాళ్లు ఆడుతుంటే బోరులోని నీళ్లు పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు చుట్టూ హోర్డింగులు పెట్టి, ప్రకటనల మీద వచ్చే డబ్బుతో మరమ్మతులు చేయించాలన్నది పథకం. ఆటకు ఆట, నీళ్లకు నీళ్లు, పైగా వ్యాపారం. 2000లో ప్రపంచ బ్యాంకు పోటీలో బహుమతి వచ్చింది. 2006 సెప్టెంబరులో న్యూయార్క్‌లో క్లింటన్ ఏర్పాటు చేసిన సభలో లారా బుష్ లేచి, అమెరికా ప్రభుత్వం, కేస్ ఫౌండేషన్ వగైరాలు కలిసి 1.64 కోట్ల డాలర్లు ఇస్తున్నాయని ప్రకటించారు. 2010 కల్లా ఆఫ్రికాలో 4,000 పంపులు బిగించాలన్నది లక్ష్యం. డెమోక్రాట్ సభ, రిపబ్లికన్ అధ్యక్షుడి భార్య, నవ్వుతున్న పిల్లలు. ఇంకేం కావాలి?

లెక్కలు వేసేవాళ్లను మాత్రం గుమ్మం తొక్కనివ్వకండి. 2009లో గార్డియన్ పత్రికలో ఒకాయన పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో పంపు 2,500 మందికి నీళ్లివ్వాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని తేల్చాడు. రోజులో 24 గంటలే ఉండటం పథకం తప్పా? పంపు ఒక్కటి 14,000 డాలర్లట, ఆ డబ్బుకు మామూలు చేతి పంపులు నాలుగు వస్తాయట. ఇలాంటి మనుషులు ప్రతి పెళ్లిలోనూ ఉంటారు.

వాడేవాళ్లను అడగడం ఇంకో చెడ్డ అలవాటు. ప్లేపంప్ వాళ్లకు అది లేదు. కొన్ని ఊళ్లలో పనిచేస్తున్న చేతి పంపును పీకేసి దాని చోట రాట్నం బిగించారు. పిల్లలు బడికి పోయాక, లేదా ఆట మీద మొహం మొత్తాక, ఆ ఇనప చక్రాన్ని ఆడవాళ్లే నడుం వంచి తిప్పుకున్నారు. చేతి పంపుకైతే నిలబడి కొట్టుకునేవారు. మారుమూల పల్లెలో హోర్డింగు మీద ప్రకటన ఇచ్చే వ్యాపారి దొరకడు కాబట్టి మరమ్మతుల డబ్బూ రాలేదు. అయినా ఫొటోలు చూడండి, ఎంత బాగున్నాయో.

కూటమి ఎలా నడపకూడదో కూడా తెలియాలి. దానికి దూరం పోనక్కర్లేదు, మన ఊళ్లో బోరింగు చాలు. 1960లలో కరువులొచ్చాక గట్టి రాతినేలల్లో బోర్లు వేయడానికి యునిసెఫ్ రిగ్గులు తెప్పించింది. బోర్ల మీద బిగించినవేమో పోత ఇనప పంపులు, విదేశాల్లో ఒక కుటుంబం ఇంటి వెనక వాడుకునే రకానికి నకళ్లు. పొద్దున లేచింది మొదలు ఊరు ఊరంతా కొడితే అవి ఎన్నాళ్లు నిలుస్తాయి? 1970ల మధ్యకి వచ్చేసరికి వాటిలో చాలామటుకు చెడిపోయి పడున్నాయి. మీరైతే ఏం చేస్తారు? ఇంకా అందమైన పంపు కోసం పోటీ పెడతారు. యునిసెఫ్ వాళ్లు మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్‌లలో మిషనరీల దగ్గర పనిచేసే మెకానిక్కులు షెడ్లలో ఏం చేస్తున్నారో చూడ్డానికి పోయారు. అక్కడివాళ్లు ఉక్కుతో, గొలుసుతో మొరటుగా చేసుకున్న పంపులు విరక్కుండా పనిచేస్తున్నాయి. వాటినే పట్టుకుని యునిసెఫ్, కేంద్ర ప్రభుత్వం, మద్రాసులోని ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అనే ప్రభుత్వ రంగ కంపెనీ కలిసి మెరుగుపరిచాయి. కోయంబత్తూరు ప్రాంతంలో ఊళ్ల వాళ్ల చేత కొట్టించి పరీక్షించాయి. అలా వచ్చిందే ఇండియా మార్క్ టూ.

వీళ్ల అమాయకత్వం ఇక్కడితో ఆగలేదు. పేటెంటు పెట్టకుండా ఎవరైనా చేసుకోండని వదిలేశారు. ఐఎస్ 9301 అని ప్రమాణం రాసి, ఏ ఫ్యాక్టరీలో చేసినా ఒకే కొలతకు ఉండేలా తనిఖీలు పెట్టారు. ఒక కంపెనీ విడిభాగం ఇంకో కంపెనీ పంపుకు సరిపోతుంది! మనం అయితే బోల్టుకు కూడా లైసెన్సు పెట్టేవాళ్లం. ఆ పంపు దేశమంతా పాకి ఆఫ్రికా దాకా వెళ్లింది. వాషరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాల్సి వస్తోందని, అందుకు మనుషులతో, సామానుతో వ్యాను రావాల్సి వస్తోందని ఊళ్లవాళ్లు విసుక్కుంటే, గొట్టాన్ని వెడల్పు చేసి, లోపలి భాగాన్ని దాంట్లోంచే పైకి తీసేలా మార్క్ త్రీ చేశారు. ఫిర్యాదు విని వస్తువును మార్చుకున్నారన్నమాట. బోరింగు దగ్గర బిందెల వరుస కోసం పోట్లాడుకున్న అమ్మలక్కల్లో ఒక్కరికైనా యునిసెఫ్ పేరు తెలుసా? లోగో లేని దానం దానమెలా అవుతుంది?

ధర సంగతి చివరికి వదిలేయండి. వస్తువు తయారయ్యాక, అది ఎవరూ కొనలేనిదని తేలాక, ధర మీద ఒక అంతర్జాతీయ సదస్సు పెట్టుకోవచ్చు. మెనింజైటిస్ టీకా వాళ్లు దీన్ని తలకిందులు చేసి చెడగొట్టారు. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉన్న దేశాల పట్టీలో 1996-97లో ఆ జబ్బు సుమారు రెండున్నర లక్షల మందికి సోకింది, 25,000 మంది పోయారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పాత్ అనే సంస్థ కలిసి, గేట్స్ ఫౌండేషన్ ఇచ్చిన 7 కోట్ల డాలర్లతో టీకా ప్రాజెక్టు మొదలుపెట్టాయి. మొదటి పని ఏం చేశారో తెలుసా? మీరు ఎంత పెట్టగలరు అని ఆఫ్రికా ఆరోగ్య అధికారులను అడిగారు. డోసు అర డాలరు దాటితే మా వల్ల కాదన్నారు వాళ్లు. ఇక ఆ అర డాలరు చుట్టూనే మిగతాదంతా కట్టుకొచ్చారు. పెద్ద కంపెనీలు ఆ ధరకు రాకపోతే తయారీ పద్ధతి అమెరికా ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తల దగ్గర, ముడిసరుకు ఆమ్‌స్టర్‌డామ్‌లో తీసుకుని, పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ చేత టీకా చేయించారు. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో వేయడం మొదలుపెట్టారు. ఫ్రిజ్ లేని ఊళ్ల కోసం, 40 డిగ్రీల ఎండలో నాలుగు రోజుల దాకా బయట ఉంచవచ్చని 2012లో అనుమతి కూడా తెచ్చుకున్నారు. ఫలితంగా ఆ పట్టీలో మెనింజైటిస్ ‘ఎ’ రకం దాదాపు కనిపించకుండా పోయింది. జబ్బే పోతే రెండో దశకు నిధులు ఏమని అడుగుతారు, ముందుచూపు ఉండక్కర్లేదా?

ఈ తెగులు హైదరాబాదుకూ పాకింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పసిపిల్లల నుంచి తీసిన రోటావైరస్ రకాన్ని పట్టుకుని, కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ, అమెరికా సంస్థలు, పాత్, గేట్స్ ఫౌండేషన్ అందరూ కలిస్తే, హైదరాబాదు కంపెనీ భారత్ బయోటెక్ డోసు ఒక డాలరుకే ఇస్తానని మాటిచ్చి టీకా చేసింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎయిమ్స్‌లో ఆ వైరస్ దొరికింది 1980లలో. అంటే మీ ప్రాజెక్టు గడువైన మూడేళ్లలో అయ్యే పని కాదు. అలాంటివి ముట్టుకోకండి.

స్థానిక పెద్దల జోలికీ పోకండి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల మీద వదంతులు లేస్తే, యునిసెఫ్, రోటరీ వాళ్లు పోస్టర్లు పెంచి ఊరుకోకుండా ఇమాములతో మాట్లాడారు, అదే వాడల ఆడవాళ్లను ఇంటింటికీ పంపారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది. ఇమాము గారికి మీ బ్రోషరులో చోటెక్కడ పెడతారు?

విజయాన్ని లెక్కపెట్టేటప్పుడు బిగించినవే లెక్కపెట్టండి. ఎన్ని పంపులు, ఎన్ని శిక్షణ శిబిరాలు, ఎంతమందికి టోపీలు. రెండేళ్ల తర్వాత ఎన్నింట్లో నీళ్లొస్తున్నాయన్న ప్రశ్నకు బడ్జెట్‌లో పద్దు లేకుండా చూసుకుంటే ఆ ప్రశ్నే పుట్టదు.

ఇక ముగింపు దగ్గర జాగ్రత్త. కేస్ ఫౌండేషన్ ఇన్నాళ్లూ అంత చక్కగా నడిచి ఇక్కడే తప్పటడుగు వేసింది. 2010లో దాని అధిపతి జీన్ కేస్, ప్లేపంప్ అనుకున్నట్టు సాగలేదని అందరూ చదివేలా రాసేశారు. మిగిలిన పంపులను వాటర్ ఫర్ పీపుల్ అనే సంస్థకు అప్పగించారు. ఆ సంస్థేమో రాట్నం కావాలో మామూలు పంపు కావాలో ఊళ్లవాళ్లే ఎంచుకోవచ్చంది. ఆ గతి మీకు పట్టకూడదు. కూటమి విఫలమైందన్న సంగతి బయటికి పొక్కకముందే దానికి కొత్త పేరు పెట్టండి, ఒకరిద్దరు భాగస్వాములను మార్చండి, రంగురంగుల నివేదిక ఒకటి అచ్చు వేయించండి. నివేదిక ఆవిష్కరణకు హోటల్ మాత్రం ఇప్పుడే మాట్లాడుకోండి, పెళ్లిళ్ల సీజన్‌లో హాళ్లు దొరకవు.