గుడారంలో గజగజ: పిల్లలున్నవారికి ప్రత్యేక సలహాలు

ఈ చలికాలం లంబసింగిలో పిల్లలతో ఒక రాత్రి గుడారంలో పడుకోవాలని నిర్ణయించుకున్నారు. మంచిదే. విశాఖలో జనవరి రాత్రి కూడా ఫ్యాను ఒకటో నంబరులో పెట్టుకుని పలచటి దుప్పటి కప్పుకునే కుటుంబం మీది. సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున, తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి, ఒక్కో ఏడాది సున్నా అంచుకి దిగే చోట, నేల మీద పడుకోబోతున్నారు. దీనికి శిక్షణలూ గట్రా ఏమీ అక్కర్లేదు, సరైన సలహాలు చాలు. నేను చెప్పేవి తు.చ. తప్పకుండా పాటించండి. రాత్రి రెండున్నరకల్లా కుటుంబమంతా కార్లో కూర్చుని ఎప్పుడు తెల్లారుతుందా అని చూస్తుంటారు. సూర్యోదయం తప్పిపోయే ప్రసక్తే ఉండదు.

ముందు సామాను. చలి పైనుంచి పడుతుంది, ఇది అందరికీ తెలిసిందే. కాబట్టి కప్పుకోవడానికి ఎంత దొరికితే అంత సర్దండి. షోలాపూర్ దుప్పట్లు, పెళ్లికి అత్తవారు పెట్టిన పులిబొమ్మ రగ్గు, అమ్మమ్మ కుట్టిన బొంత, అన్నీ. డిక్కీ మూత పడకపోతే పిల్లల ఒళ్లో పెట్టండి. కింద పరచడానికి మాత్రం ఒక ప్లాస్టిక్ చాప చాలు. పరుచుకునేదాని గురించి ఆలోచించిన తండ్రి మన వైపు ఇంతవరకూ లేడు, ఆ రికార్డు మీరెందుకు చెడగొట్టాలి?

కొండలెక్కేవాళ్లు వేరే లెక్క చెబుతారు. గుడారంలో మనిషిని వణికించేది నెత్తిమీది గాలికంటే వీపు కింది నేలేనట. నేల రాత్రంతా ఒంట్లో వేడిని లాగుతూనే ఉంటుంది, ఎంత లాగినా అది మాత్రం వేడెక్కదు. దూది గానీ ఈకలు గానీ వెచ్చగా ఉంచేది తమలో చిక్కుకున్న గాలితోనేనట. పడుకున్నవాడి బరువుకి ఆ గాలి కాస్తా పోయి అడుగుభాగం అణిగిపోతే, మూడు వేల రూపాయల స్లీపింగ్ బ్యాగైనా వీపు కింద పలచటి గుడ్డతో సమానమేనట. అందుకని వాళ్లు మందపాటి ఫోమ్ చాప పరిచి, దానిమీద ఇంకోటి వేస్తారు. చాప కొనేటప్పుడు ఆర్-విలువ అని ఒక అంకె చూస్తారు. అది ఎంత ఎక్కువైతే నేలకి వేడి అంత తక్కువ పోతుందని. ఇదంతా ఎవరెస్టు ఎక్కేవాళ్ల గొడవ, మనకెందుకు? నాలుగు రగ్గులు తీసుకెళ్లినప్పుడు మూడు కింద పరిచి ఒకటి కప్పుకోవచ్చు కదా అని మీ ఆవిడ అంటుంది. ఆ మాట వినిపించుకోకండి.

మరీ మెత్తగా కావాలంటే చుట్టాలొచ్చినప్పుడు హాల్లో వేసే పెద్ద గాలి పరుపు తీసుకెళ్లండి. పంపుతో కొడితే అర అడుగు పైకి లేస్తుంది, నేలకి దూరమయ్యాం కదా అని ధైర్యంగా ఉంటుంది. లోపల దూదీ నురగా ఏమీ ఉండవు. పిల్లవాడి వీపు దగ్గర వేడెక్కిన గాలి, నేల దగ్గర చల్లారిన గాలి, రెండూ తెల్లవార్లూ అందులో చోట్లు మార్చుకుంటూ ఉంటాయి. అర అడుగు ఎత్తున పడుకుని మరీ పకడ్బందీగా వణుకుతారు.

ఇంట్లో గొంగడి ఉందా? తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్ని వడికి నేసే ఆ నల్ల గొంగడి మీద తరతరాల కాపరులు మందల పక్కన, బయట, నేలమీదే పడుకున్నారు. వానలో నెత్తిన వేసుకున్నదే రాత్రికి పరుచుకుంటారు. తడిసినా ఉన్ని నూలులా పూర్తిగా చేతులెత్తేయదు, ఎంతో కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. గరుగ్గా ఉంటుంది, గుచ్చుతుంది, పిల్లలకి నచ్చదు. మీరు ప్రదర్శనలో ముచ్చటపడి కొన్న గొంగడి హాల్లో గోడకి వేలాడుతోంది కదా, అక్కడే ఉండనివ్వండి. ఫోటోల్లో బావుంటుంది.

చోటు ఎంపిక మీ అభిరుచికి పరీక్ష. నీళ్ల ఒడ్డున, పల్లంలో, చుట్టూ చెట్టనేది లేకుండా, ఆకాశమంతా కనిపించే చోట గుడారం వేయించండి. పొద్దుగూకాక కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి మెల్లగా కిందికి జారి పల్లంలో చేరుతుంది. దాన్ని స్వాగతించడానికి అక్కడ ఎవరో ఒకరు ఉండాలి. చెట్టు కింద వేసుకుంటే ఆకుల కప్పు నేల వేడి ఆకాశంలోకి పోకుండా కొంత ఆపుతుంది, గుడారం మీద మంచు తడీ తగ్గుతుంది. నక్షత్రాలు మాత్రం కనిపించవు. నక్షత్రాలు కావాలో, పొడిగా ఉండే పక్క కావాలో మీరే తేల్చుకోండి. పక్క తడిస్తే నక్షత్రాలు చూడ్డానికి బోలెడు తీరిక దొరుకుతుందని మాత్రం గుర్తుచేస్తున్నాను. ఎంతమంది పడుకుంటారని అడిగితే, నలుగురే అయినా ఎనిమిదిమంది పట్టే గుడారం అద్దెకి తీసుకోండి. ఆ ఖాళీనంతా వెచ్చబెట్టే పని పిల్లల ఒంటి మీదే కదా పడేది, ఎదిగే వయసు.

ఇక బట్టలు. సాయంత్రం ఐదింటికే పిల్లలకి ఉన్నవన్నీ తొడిగేయండి. బనీను, నూలు చొక్కా, జీన్సు, స్వెట్టరు, దానిమీద జాకెట్టు. తొడిగాక పరిగెత్తమని వదిలేయండి. చీకటి పడేదాకా గంతులేసి లోపలి బనీను చెమటతో ముద్దయ్యాక, అదే బట్టలతో నేరుగా పడుకోబెట్టండి. నూలు తడి పీల్చుకుంటే తొందరగా ఆరదు. ఆరేదాకా ఆ తడిని ఆరబెట్టేది పిల్లవాడి ఒంటి వేడే. నిద్రకి వేరే పొడి జత, పొడి మేజోళ్లు ఒక సంచిలో కట్టి, వేసుకునేదాకా దాని ముడి విప్పని తల్లులు ఉన్నారు. అతిజాగ్రత్త. మేజోళ్ల విషయానికొస్తే ఒకదానిమీద ఒకటి మూడు జతలు, వేళ్లు కదలనంత బిగుతుగా వేయండి. రక్తం అక్కడిదాకా వెళ్లకపోతే అక్కడ చల్లారడానికీ ఏమీ ఉండదు.

మంకీ క్యాప్ గురించి ప్రత్యేకంగా చెప్పాలా? మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషికి చలి వేయదన్నది మన జాతీయ విశ్వాసం. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని ఒక లెక్క చాలాకాలం ప్రచారంలో ఉంది. అది తప్పని తేలింది. పెద్దవాళ్ల తల ఒంటిలో ఎంత భాగమో పోయే వేడీ దాదాపు అంతే, పదోవంతుకి మించదు. చిన్నపిల్లల్లో ఒంటితో పోలిస్తే తల పెద్దది గనక వాళ్ల విషయంలో టోపీ పెట్టమనే అమ్మమ్మ మాటే నిజం. ఇది చిట్కాల పుస్తకంలో పొరపాటున దొర్లిన సరైన సలహా, మన్నించండి. దిద్దుబాటుగా, పిల్లవాడి టోపీ సంచిలోనే వదిలేసి మీది మాత్రం పెట్టుకోండి.

స్లీపింగ్ బ్యాగు మీద చీటీ చదవడం వచ్చా? రెండు అంకెలుంటాయి, ఒకటి ‘కంఫర్ట్’, రెండోది ‘లిమిట్’. తక్కువ అంకె చూసి కొనండి, పౌరుషంగా ఉంటుంది. మొదటిది ఒక ప్రామాణిక స్త్రీ హాయిగా నిద్రపోగల చలి, రెండోది ఒక ప్రామాణిక పురుషుడు ముడుచుకుని ఎలాగోలా గడపగల చలి. ఈ లెక్కల్లో పిల్లలు లేనేలేరు. వాళ్ల బరువుతో పోలిస్తే ఒంటి చర్మం ఎక్కువ, అందుకని మనకంటే తొందరగా చల్లారిపోతారు. మీరు మాత్రం పిల్లవాడు ఎదుగుతాడని దూరం ఆలోచించి ఆరడుగుల బ్యాగే కొనండి. కాళ్ల కింద మిగిలిన మూడడుగుల్లో ఉండే చల్లగాలిని వాడే వెచ్చబెట్టుకుంటాడు. ఆ మిగిలిన భాగాన్ని మడిచి తాడుతో కట్టేయడం, లేదా అందులో రేపటి బట్టలు కుక్కడం పిసినారుల పని.

గుడారంలో దూరగానే జిప్పులన్నీ బిగించండి, గాలి ఆడే కంతలకి తువ్వాళ్లు కుక్కండి. ఊపిరితో, చెమటతో ఒక్కో మనిషీ రాత్రికి గ్లాసెడు నీటిని ఆవిరిగా వదులుతాడు. నలుగురి ఆవిరి బయటికి పోయే దారి లేక చల్లటి పైకప్పుకి తగిలి నీళ్లవుతుంది. మూడింటికల్లా ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు టపటపా మొహం మీద పడుతుంది. రగ్గులు తడుస్తాయి. పైభాగాన కాస్త తెరిచి ఉంచితే గుడారం కొంచెం చల్లగా ఉన్నా పొడిగా ఉంటుందనీ, పొడిచలి కంటే తడిచలి ప్రాణం తీస్తుందనీ గుడారం అద్దెకిచ్చే కుర్రాడు చెబుతాడు. వాడి మాటేమిటి, వాడు రోజూ అక్కడ పడుకునేవాడు.

చలిమంట వేసుకోండి. పాలిస్టరు గుడారానికి వీలైనంత దగ్గరగా, గాలి మంట మీంచి గుడారం వైపు వీచే పక్కన. ఒక్క నిప్పురవ్వ చాలు, రూపాయి బిళ్లంత కంత పడుతుంది, వెంటిలేషన్ సమస్య తీరిపోతుంది. మంట ముందు కూర్చుంటే మొహం మాడుతుంది, వీపు గడ్డకడుతుంది. అంతసేపూ పిల్లల్ని వీపు వెనకే నిలబెట్టండి. మంట తగ్గాక నిప్పులు గుడారంలోకి తెచ్చుకుంటే...

లేదు. ఇక్కడ వెటకారం ఆపుతున్నాను. గుడారంలోకి ఏ నిప్పూ రానివ్వకండి. బొగ్గుల కుంపటి, ఆరిపోతున్నట్టు కనిపించే కణికలు, గ్యాసు స్టవ్వు, ఏదీ వద్దు. కాలే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ని వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటే దీనితో 200 రెట్లకు పైగా గట్టిగా ముడిపడుతుంది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, వికారం తెలుస్తాయి. నిద్రపోతున్న పిల్లలకి ఏమీ తెలియదు. పొగ రావడం లేదు కదా, జిప్పు కాస్త తీశాం కదా అనుకోవద్దు. పొగ మానేసిన ఎర్రటి బొగ్గూ ఈ వాయువును వదులుతూనే ఉంటుంది. కార్లోకి చేరినా ఇంజను ఆన్‌లో పెట్టి నిద్రపోకండి. ఏడాది నిండని బిడ్డ ఉంటే గుడారం మానేసి గది తీసుకోండి, రగ్గుల కింద ఆ బిడ్డకి ఊపిరాడకపోవడమే చలికంటే పెద్ద భయం. ఇంకొకటి. ఆగకుండా వణుకుతున్న పిల్లవాడు వణకడం మానేసి, మాట ముద్దగా, మగతగా అయిపోతే అది చలికి అలవాటు పడటం కాదు. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే బాగా కిందికి దిగిపోయిందని అర్థం. తడిబట్టలు తీసేసి, పొడి దుప్పట్లో మీ ఒంటికి ఆనించుకుని, తెల్లారాక చూద్దామనుకోకుండా చింతపల్లిలోనో నర్సీపట్నంలోనో ఆసుపత్రికి బయల్దేరండి.

సరే, మళ్లీ మన దారిలోకి. రాత్రి భోజనం బొంగులో చికెనే. కారానికి పిల్లలు రెండు ముక్కలు తిని నీళ్లు తాగి పడుకుంటారు. కాలడానికి కడుపులో ఏమీ లేకపోతే ఒళ్లు వెచ్చబడదు, అదే మనకి కావలసింది. పడుకునే ముందు ఒక పల్లీపట్టీ, ఒక నువ్వులుండ చేతిలో పెట్టడం పాతకాలం పద్ధతి. నాన్నగారు మాత్రం చలికి రెండు పెగ్గులు వేసుకోవాలి. చర్మం కింది రక్తనాళాలు విప్పారి మొహం వెచ్చగా అనిపిస్తుంది, ఆ వెచ్చదనమే గబగబా బయటికి పోతుంది. మత్తులో ఆయనకి చలి తెలియదు, పక్కనున్న పిల్లవాడి దుప్పటి జారిపోయిన సంగతీ తెలియదు. స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, మేజోడు తొడిగి పక్కలో పెడితే అర్ధరాత్రి దాకా వెచ్చగా ఉంటుందని ఎవరో అంటారు. ఫ్లాస్కు పెట్టండి, వేడి బయటికి పోదు.

పడుకోబోయే ముందు పిల్లల్ని ఒంటికి తీసుకెళ్లకండి, బయట చలి. రెండింటికి వాళ్లే లేపుతారు. అప్పుడు టార్చి కోసం వెతకడం, చెప్పులు దొరక్కపోవడం, జిప్పులో దుప్పటి ఇరుక్కోవడం, ఆలోగా పని అయిపోవడం అన్నీ వరసగా జరుగుతాయి. తడిసేది, గమనించండి, కింద పరిచిన ఆ ఒక్క చాపే.

ఇన్ని చేసినా పిల్లలు ఎలాగో నిద్రపోయారనుకోండి, నాలుగింటికి లేపేయండి. రాత్రంతటిలో గాలి అతి చల్లగా ఉండేది సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగానే. మేఘాలు చూడాలంటే వంజంగి కొండకి బయల్దేరే వేళా అదే. లేపి, కొండ ఎక్కించి, చెమట పట్టించి, పైకి చేరగానే గాలిలో కదలకుండా నిలబెట్టి ఫోటోలు తీయండి. ఫోటోల్లో జాకెట్లు బావుండవు, తీయించేయండి.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అమ్మమ్మ ఫోను. పిల్లల గొంతులు బొంగురుపోయి ఉంటాయి, ఫోను వాళ్లకి ఇవ్వకండి. మీరే తీసుకుని, ‘చలా? ఏం చలి అత్తయ్యా, అంతా టీవీ వాళ్ల హడావుడి. రాత్రి పిల్లలు ఐస్‌క్రీమ్ అడిగితే కొనిపెట్టాను, అదే కాస్త పడినట్టు లేదు’ అనండి.