మనోడి స్లాబు

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంటులో పెరిగినవాడికి కప్పు అనేది డబ్బిచ్చి వేయించుకునే వస్తువని అరవై ఏళ్లొచ్చేదాకా తెలియదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చి వర్క్‌షాపులో చేరిన తాతల దగ్గర్నుంచీ మాకు ఇదే అలవాటు. రైలు పాసు ఎలా వస్తుందో కప్పూ అలాగే ఉద్యోగంతోపాటు వస్తుంది. కారిందా, పుస్తకంలో ఫిర్యాదు రాసి సంతకం పెడతాం. నిచ్చెనా తారు డబ్బా పట్టుకుని ఖలాసీ వస్తాడు. అమ్మ అతనికి టీ ఇస్తుంది. కప్పు మందం ఎంత, వాలు ఎటు, లోపల ఊచ ఏ సైజు, ఇవన్నీ రైల్వేవారి తలనొప్పి. మన తల ఆ కప్పు కింద ఉంటుంది, అంతవరకే మన బాధ్యత.

ఆ సుఖం రిటైర్‌మెంటు రోజుతో సరి. పూలదండ వేసి, శాలువా కప్పి, గోడగడియారం చేతికిచ్చి ఇంటికి పంపిస్తారు. ఆ ఇల్లు ఇంకా నాలుగు నెలలే మనది. ఒంట్లో బాగోలేదనో పిల్లల చదువనో చెప్పుకుంటే రెట్టింపు అద్దెకు ఇంకో నాలుగు. ఈలోగా మలంచాలోనో తాల్‌బాగిచాలోనో ఎప్పుడో కొని పడేసిన రెండు కాఠాల జాగాలో ఇల్లు లేవాలి. లేదంటే ఊళ్లో తాతగారి పెంకుటిల్లు పడగొట్టి లేపాలి. పీఎఫ్, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ అన్నీ కలిపి అంత డబ్బు ఒకేసారి కళ్లపడటం జన్మలో అదే మొదలు, అదే ఆఖరు. మన కళ్లపడిన రోజే కాంట్రాక్టరు కళ్లకూ పడుతుంది. బెల్లం ఏ డబ్బాలో ఉందో చీమకు ఎవరు చెబుతారు?

ఇక్కడే నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి ఒకటుంది. ఈ రిటైరైన మనిషి ఎవరు? ముప్పై ఆరేళ్లు గేజి చేతపట్టి బతికినవాడు. పెట్టె కింద ఇరుసుకు రెండు చక్రాల మధ్య 1600 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువైతే రెండు, తక్కువైతే ఒకటి. అంతకు మించి తేడా వస్తే ఎవరు అరిచినా సంతకం పెట్టనన్నవాడు. అంతటివాడు తన నెత్తిమీద పడబోయే అయిదంగుళాల కాంక్రీటు గురించి అడిగిన ప్రశ్న ఒకటే ఒకటి.

“మనోడేనా?”

దాపరికం దేనికి, అడిగింది నేనే.

మనోడంటే ఎవరో తెలుసుకోవాలంటే న్యూ సెటిల్‌మెంటు టీ కొట్టు దగ్గర ఒక సాయంత్రం కూర్చోవాలి. శ్రీకాకుళం వాడైతే మనోడు. బొబ్బిలి వాడైనా మనోడే. తెలుగు సరిగా రాకపోయినా అత్తారిది పలాస అయితే చాలు. మాత పూజకు చందా గట్టిగా రాశాడా, ఇక వాడిని మించిన మనోడు లేడు. అవతల ఒక బెంగాలీ రాజ్‌మిస్త్రి ఉంటాడు. ముప్పై ఇళ్లకు కప్పు వేశాడు, ఒక్కటీ కారలేదు, అయినా మనోడు కాడు. పిల్లకు సంబంధం వస్తే ఏడు తరాలు తవ్వుతాం, అబ్బాయి సిగరెట్టు కాలుస్తాడేమోనని కిళ్లీకొట్టు వాణ్ణి కూడా విచారిస్తాం. కప్పు వేసేవాడు కిందటేడు వేసిన కప్పు ఎలా ఉందో చూడ్డానికి రిక్షా ఎక్కం. నిజానికి అల్లుడు పండక్కే వస్తాడు. కప్పు మూడొందల అరవై అయిదు రోజులూ మన మీదే ఉంటుంది.

ఏ కప్పు వేయాలన్న ప్రశ్న అసలు పుట్టనే పుట్టదు. స్లాబు! ఎందుకని అడిగినవాణ్ణి కిందనుంచి పైదాకా చూస్తారు. కమ్మలిల్లు సిగ్గు, పెంకుటిల్లు పల్లెటూరు, రేకులిల్లు లేమి. స్లాబంటే ఎదిగినట్టు. మీద ఇంకో రెండంతస్తులు లేపబోయేవాడికీ స్లాబే. పిల్లలు హైదరాబాదులో, మనవలు అమెరికాలో ఉండగా ఇద్దరే మిగిలిన ముసలాళ్ల రెండు గదులకూ స్లాబే. ఆవుని అమ్మేసిన కొట్టానికి కూడా స్లాబే. ఊళ్లో మా అన్నయ్య తాతల నాటి పెంకులు దింపించి చవగ్గా అమ్మేశాడు. అలా దింపిన పెంకుల్నే రిసార్టులవాళ్లు కొనుక్కెళ్లి మళ్లీ పేర్చి, పల్లె వాతావరణం పేరుతో ఒక రాత్రికి వేలు పుచ్చుకుంటున్నారు. అన్నయ్య కొడుకు సెలవుల్లో వెళ్లేది అక్కడికే.

2024 ఏప్రిల్ 30న మన పక్కనే ఉన్న కలైకుండలో 47.2 డిగ్రీలు నమోదైంది. ఆ రాత్రి స్లాబు కింద పడుకున్నవాళ్లను అడగండి. పగలంతా మింగిన ఎండను కాంక్రీటు రాత్రంతా తీరిగ్గా కక్కుతుంది. పెంకుటింట్లో వేడిగాలి సందులు చూసుకుని పైకి పోయేది. పాత రైల్వే కట్టడాల్లో ఇనప దూలాల మధ్య ఇటుక కమానులు పేర్చేవారు, కప్పు అంత ఎత్తున ఉండేది కాబట్టి వేడి మనల్ని వదిలేసి పైకెక్కి కూర్చునేది. బెంగాలీలు జల్‌ఛాద్ అంటారే, అది ఇటుక ముక్కలు, సుర్కీ, సున్నం కలిపి పరిచి, కూలీలు వరసగా కూర్చుని పాట పాడుకుంటూ రోజుల తరబడి కొట్టిన పొర. ఆ దెబ్బలకే అది నీళ్లు దిగనంత గట్టిపడేది. ఇప్పుడు కప్పును కొట్టే ఓపిక ఎవరికీ లేదు. కట్టించుకునేవాణ్ణే కొడుతున్నారు.

స్లాబును తిట్టడం నా ఉద్దేశం కాదు. 2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటిన ఫణి తుపాను, ఆ అర్ధరాత్రి దాటాక ఖరగ్‌పూర్ మీదుగానే బెంగాల్లో అడుగుపెట్టింది. మరుసటేడు మే 20న అంఫాన్. అలాంటి రాత్రుల్లో నెత్తిన కాంక్రీటు ఉన్నవాడికి కలిగే ధైర్యం వేరు. కాకపోతే ఆ కాంక్రీటు మీద ఎండ తగలకుండా తెల్లటి పూత వేస్తే గది చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. ఆ మాట మనోడి దగ్గర ఎత్తితే నవ్వాడు. “తెల్లరంగుకి నానెందుకు మావా?” అన్నాడు. నిజమే, అందులో వాడికి మిగిలేదేమీ లేదు.

సిమెంటు రేకుల సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. వాటిలో ఉన్నది ఆస్‌బెస్టాస్, రాతినార. దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు వస్తుందని అరవైకి పైగా దేశాలు నిషేధించాయి. మనం దాన్ని నడివీధిలో రంపంతో కోసి, మిగిలిన ముక్కను కోళ్లగూటికి కప్పి, దుమ్ము దులుపుకుని అన్నానికి కూర్చుంటాం.

సరే, మనోడు వచ్చాడు. కుర్చీ వేశాం. మా ఆవిడ సున్నుండలు పెట్టింది. అడగాల్సినవి నేను రాసుకునే ఉన్నాను, కానీ ఆ కాగితం జేబులోంచి తీస్తే మనోణ్ణి అనుమానించినట్టు ఉంటుందని తీయలేదు. చివరికి గొంతు పెగుల్చుకుని అడిగాను.

“గ్యారంటీ ఎన్నేళ్లు నాయనా?”

“మీకు గేరంటీ ఏటి మావా? నాను లేనేటి?”

ఇదీ ఒప్పందపత్రం. దసరాకు మా రావణ మైదానంలో నిలబెట్టే పది తలల ఆసామికి ఇంతకన్నా మంచి గ్యారంటీ ఉంటుంది. నిప్పు పెట్టేదాకా వాన రాకుండా ఉంటే చాలు. మనోడి లెక్కా అదే, ఆఖరి వాయిదా చేతికందేదాకా వాన రాకుండా ఉంటే చాలు. అందుకే వాడు పని మాఘంలో మొదలుపెట్టి చైత్రానికల్లా డబ్బు లెక్కపెట్టుకుంటాడు. ముహూర్తబలం అంటే అది.

స్లాబు పోసే ఢలాయి రోజు ఇంట్లో పెళ్లి కళ. మిక్సరు గుడగుడలు, మేక మాంసం, చుట్టాలు. కలపాల్సింది ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. యాభై కిలోల సంచికి నీళ్లు పాతిక లీటర్లు, మహా అయితే ఇరవై ఏడు. మిక్సరు దగ్గర కుర్రాడు గొట్టం వదిలేసి ఫోను మాట్లాడుతున్నాడు. కాంక్రీటు సాంబారులా జారుతోంది. ఎందుకంత పల్చనంటే, “జారితే మూలమూలకీ ఎల్తాది మావా” అన్నాడు మనోడు. మూలమూలకీ వెళ్లింది నిజమే. అలా వెళ్లిన నీళ్లు ఎండలో ఆవిరై, అవి ఉన్న చోట సన్నటి దారులు మిగిలాయి. వానకు అవే దారులు. ఊచల కింద పెట్టాల్సిన కవర్ బ్లాకుల స్థానంలో కంకరరాళ్లు పెట్టారు. తొక్కిడికి సగం రాళ్లు పక్కకు జారాయి, ఊచలు చెక్క మీద వాలాయి. బయటకు చాచిన బాల్కనీలో అసలు ఊచలు పైభాగాన ఉండాలి, లాగుడు అక్కడే కాబట్టి. మా బాల్కనీలో అవి అడుగున హాయిగా పడుకున్నాయి. అక్కడ నిలబడి కాఫీ తాగాలని మా ఆవిడ కోరిక. నేను ఆ కప్పు లోపలికే తెచ్చిస్తున్నాను.

వాలు కథ ఇంకా బావుంటుంది. పది అడుగులకు అంగుళంపావు వాలిస్తే నీళ్లు వాటంతట అవే పోతాయి. ఎటు వాలాలన్నది నీళ్ల గొట్టాన్ని బట్టి నిర్ణయం కావాలి. మా బావమరిది వాస్తు తెలిసినవాడు. నీళ్లు ఈశాన్యానికే పోవాలన్నాడు, అటే వాలించారు. మునిసిపాలిటీ కాలవ నైరుతిలో ఉంది, గొట్టం అటే పెట్టారు. ఇప్పుడు వాన పడితే నీళ్లు వాస్తు ప్రకారం ఈశాన్యానికి వెళ్లి, అక్కడ దారి లేక, కొలువు తీరతాయి. మరునాడు పక్కింటి కాకులు వచ్చి స్నానం చేస్తాయి.

స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాలని వరి పండించిన కులాలకు చెప్పక్కర్లేదు. మామూలు సిమెంటుకు కనీసం వారం, ఇప్పుడొచ్చే బూడిద కలిపిన సిమెంటుకు పది రోజులు. మనోడు మూడు రోజులు తడిపించాడు. నాలుగోరోజు వాడి మేనల్లుడి పెళ్లి.

జూన్ రెండో వారంలో మొదటి వాన. ఆ రోజు నుంచి మనోడి నోట నేను నేర్చుకున్న పదాలకు ఒక నిఘంటువు వేయవచ్చు. కారడం అనే మాట అందులో ఉండదు. పడమటి గదిలో పైన మచ్చ కనిపిస్తే అది “కొత్త స్లాబు సెమట”. మచ్చ దుప్పటంత పెద్దదైతే “డ్యాంపు”. చుక్క రాలితే “ఈ ఏడు వాన ఎక్కువ మావా”. బకెట్టు పెడితే “మీ ట్యాంకు గొట్టం సూసుకోండి”. బకెట్టు నిండాక ఫోను ఎత్తడు. వాడి ఫోనులో పాట మాత్రం బావుంటుంది, అయ్యప్పస్వామి మీద.

దీపావళికి వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం, నోట్లో పరిష్కారం. స్లాబు మీద రంగు రేకుల షెడ్డు! కారే కప్పు మీద కారని కప్పు. ఒకసారి తలెత్తి చూడండి, మలంచా నుంచి ఇందా దాకా, ఇటు ఇచ్ఛాపురం నుంచి అనకాపల్లి దాకా, స్లాబుల నెత్తిన నీలం రేకులు, ఎర్ర రేకులు. లేమి అని మొదట తోసేసిన ఆ రేకే చివరికి నెత్తికెక్కి కూర్చుంది. ముందే రేకులు వేసుకుంటే లక్షలు మిగిలేవి కదా అని అడిగేవాడు మన కులంలో పుట్టడు. స్లాబు చూపించుకోడానికి, షెడ్డు తడవకుండా ఉండటానికి. గొడుగు తడవకుండా గొడుగు పట్టినట్టు.

ఆ షెడ్డు కూడా మనోడే వేశాడు. ఇంకెవరు వేస్తారు? రేకు ఉబ్బు మీద బోల్టు బిగించాలి, నీళ్లు పారే పల్లంలో కాదు. మనోడికి పల్లంలో చెయ్యి బాగా ఆనిందట. గాలి రేకును పైనుంచి నొక్కదు, కింద దూరి పైకి లేపుతుంది. అంచులూ మూలలే ముందు లేస్తాయి కాబట్టి బోల్టులు అక్కడే దగ్గర దగ్గరగా పడాలి. మనోడు పొదుపంతా అక్కడే చేశాడు. వైశాఖంలో ఒక సాయంత్రం వాయవ్యం నల్లబడింది, కాలబైశాఖి కొట్టింది. ఇరవై నిమిషాల్లో మా నీలం రేకులు రెండు వీధి దాటి, ఇంకో తెలుగువారి దొడ్లో దిగాయి. పక్కింటి బెంగాలీ పెద్దాయన పొద్దున్నే వచ్చి, “ఏం దాదా, మిస్త్రీ ఎవరు?” అని అడిగాడు.

“మనోడే” అన్నాను.

ఆయన కప్పు 1988 నాటిది, కారదు. వేసిన మిస్త్రీ ఇప్పటికీ ప్రతి ఏడూ వానలకు ముందు వచ్చి, చూరు కింద ఆకులు తీసి, గొట్టంలో నీళ్లు పోసి చూసి, పాతిక లడ్డూలు తీసుకుని వెళతాడట. ఆయన పెట్టిన షరతు కూడా చెప్పాడు. స్లాబు మీద అంచులు కట్టి ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లు నిలపాలి, కింద చెమ్మ కనపడకపోతేనే డబ్బు. పదో వంతు మాత్రం అప్పుడు కూడా ఇవ్వలేదు, దుర్గాపూజ వెళ్లాక ఇచ్చాడు. అంటే మధ్యలో ఒక పూర్తి వర్షాకాలం. మిస్త్రీ నొచ్చుకోలేదా అన్నాను. పనివాడు ఎందుకు నొచ్చుకుంటాడన్నాడు.

వచ్చే నెల మన కాలనీలో రిటైరవుతున్నవాళ్లు ముగ్గురున్నారని విన్నాను. మీకు ఒకటే మనవి. చేతిలో గేజి ఇంకా ఉండగానే కాంట్రాక్టరుతో మాట్లాడండి. వాడు కిందటి వానల ముందు వేసిన కప్పు కింద పది నిమిషాలు కూర్చుని, ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి, మగవాళ్లు పరువుకి పోయి అబద్ధం చెబుతారు. ఆ పదో వంతు ఆశ్వయుజం దాకా మీ దగ్గరే ఉంచుకోండి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి. నేను చైత్రంలోనే మొత్తం ఇచ్చేశాను. మా మంచం ఇప్పుడు తూర్పు గదిలో ఉంది. అక్కడ ఇంకా చెమటే పడుతోంది.