వరి చూడ్డానికి బాలీ వెళ్లాం

మా నాన్నగారు కైకలూరు దగ్గర వదిలివెళ్లిన రెండెకరాల చేను నేను చివరిసారి ఎప్పుడు చూశానో గుర్తులేదు. చేను మాత్రం నన్ను మర్చిపోలేదు. ఎకరానికి పాతిక బస్తాల చొప్పున ఏటా కౌలు డబ్బులు ఠంచనుగా ఏలూరు పంపిస్తుంది. ఈ ఏడు ఆ డబ్బులు పెట్టి మేం బాలీ ద్వీపం వెళ్లాం. ఎందుకంటారా? తెల్లవారుజామున వరిచేలు చూడ్డానికి.

యాభై బస్తాలు, డెబ్భై ఐదు కిలోల బస్తా 2025-26 మద్దతు ధరకి 1,777 రూపాయలు వేసుకున్నా తొంభై వేలు కూడా రావు. మా ఆలుమగల బాలీ ఖర్చు లక్షన్నర. మిగతాది ఎక్కడిదో ఆఖర్న చెబుతాను.

ఆలోచన నాది కాదు, తాడేపల్లిగూడెంలో ఉండే మా తోడల్లుడిది. ఆ ఊళ్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. తక్కువల్లా విమానమే. అందుకని గన్నవరం బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ దాటేసరికి వెనక తూర్పు ఎర్రబడిందట, రోడ్డు పక్కన కోతకొచ్చిన వరి మీద మంచు పరుచుకుందట, గట్ల మీద కొంగలు బారులు తీరాయట. ఇవన్నీ డ్రైవరు చెబితే తెలిశాయి. మేమంతా నిద్రపోయాం. బాలీలో పెందలాడే లేవాలి కదా!

అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. హోటలువాళ్లు ఐదున్నరకి లేపితే మా ఒంటికి మూడు. ఆవలిస్తూ తెగలలాంగ్ చేరాం. ఉన్నమాట చెప్పాలి, కొండవాలు పొడుగునా మెట్టుకో మడి, మడిమడికీ నీళ్లు, నీళ్లలో ఎర్రటి ఆకాశం. కళ్లు చెదిరాయి. అప్పుడు గైడు చెయ్యి చాపి, ‘ఇది వరి’ అన్నాడు. మూడు పూటలా అదే తిని బొజ్జలు పెంచిన తోడల్లుళ్లిద్దరం ‘ఓహో!’ అన్నాం.

లోపలికి వెళ్లాలంటే టిక్కెట్టు. ఉయ్యాల ఊగితే ఇంకో టిక్కెట్టు. ఊగేటప్పుడు గాల్లో ఎగరడానికి ఇంత పొడుగు తోకున్న గౌను అద్దెకిస్తారు. గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఓ హుండీ, ఆ గట్టు వేసిన రైతు పెట్టుకున్నది. అవతల కావిడి భుజానేసుకుని ఓ తాత నిలబడ్డాడు. ఆయన పక్కన ఫొటోకి డబ్బులివ్వాలి. మా తోడల్లుడు కావిడి అడిగి తీసుకుని మరీ ఫొటో దిగాడు. వాళ్ల నాన్న కావిడి మోశాడని గూడెంలో ఎవరన్నా అంటే మీదికొస్తాడు.

‘మీ ఊళ్లో ఏ రకం పండిస్తారు?’ అని గైడు అడిగాడు. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. బియ్యం సంచి మీద ఏ బొమ్మ ఉంటుందో తెలుసు గానీ చేలో ఏ గింజ పడుతుందో మాకెలా తెలుస్తుంది? ఇంటికొచ్చాక వాకబు చేస్తే, మన పక్కనే మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన కేంద్రం ఉందట. 1982లో అక్కణ్నుంచి వచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, బంగ్లాదేశ్ దాకా పాకిందట. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన మసూరి పుట్టిల్లు మలేసియా. సముద్రం దాటొచ్చి అది మన మట్టిలో కాపురం పెడితే, మనం సముద్రం దాటెళ్లి దాని చుట్టాలతో సెల్ఫీ దిగొచ్చాం.

బాలీ రైతుల నీటి సంఘాన్ని సుబక్ అంటారు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లో గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. మనకూ 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి, దాళ్వాలో, అదే రెండో పంటలో, నీటి వంతులూ ఉన్నాయి. వాళ్లకి నీళ్లొదిలే లస్కరు గుళ్లో ఉంటాడు, మన శివారు రైతు లస్కరు కోసం గుళ్లో మొక్కుకుంటాడు. అంతే తేడా.

మెట్ల సంగతికొస్తే మనమేం తక్కువ తినలేదు. మెట్ల సేద్యంలో గట్లు కాంటూరు వెంటే వేస్తారు. కొల్లేటి లంకల్లో చంటిపిల్లాణ్ని లేపి అడిగినా కాంటూర్లు చెబుతాడు, ప్లస్ త్రీ, ప్లస్ ఫైవ్ అని. బాలీవాళ్లు కాంటూరు మీద గట్టు వేస్తే మనం కాంటూరు మీద జీవో వేశాం. 1999లో కొల్లేరుని ప్లస్ ఫైవ్ కాంటూరు దాకా అభయారణ్యం అన్నాం. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కించాం. 2006లో చేపల చెరువుల గట్లు మందుగుండు పెట్టి పేల్చాం. 2008లో ప్లస్ త్రీకి కుదించమని అసెంబ్లీలో తీర్మానం చేశాం. ఈలోగా పేలిన గట్లు మళ్లీ లేచాయి. నీళ్లు తగ్గిన చోట ఒకప్పుడు దాళ్వా పండిన నేలలో ఇప్పుడు సూర్యోదయం ఏరేటర్ల నురగలో అవుతోంది.

తిరుగు ప్రయాణంలో రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంది. తేమ 17 శాతం దాటితే కొనరు గనక ఎండ ఎక్కడ దొరికితే అక్కడే పోస్తారు. ‘కారు పోయే దారి లేదు, వీళ్లకి బుద్ధి లేదు’ అని హారన్ కొట్టించాం. వరి చూడ్డానికి లక్షన్నర పోసి వస్తున్నవాళ్లం మరి.

మర్నాడు మా కౌలు రైతు కొత్త బియ్యం పట్టుకొచ్చాడు. గొప్పగా ఫోన్లో ఫొటోలు చూపించాను. చాలాసేపు చూశాడు.

“ఎకరానికెన్ని బస్తాలవుతాయండి అక్కడ?”

“అడగలేదయ్యా.”

“వానొస్తే ధాన్యం ఎక్కడ దాచుకుంటారండి?”

“తెలీదు.”

“గట్టెక్కితే రైతుకి డబ్బులేస్తారాండి?”

“వేస్తారు. మేమూ వేశాం.”

“అయితే మన చేలోకి కూడా ఓసారి రండి బాబుగారూ. నేను హుండీ పెట్టన్లెండి.” నవ్వి, కాస్త ఆగి అన్నాడు. “పక్క చేను చెరువైపోయిందండి. మనకి ఊట దిగుతోంది. మనది కూడా చెరువుకిచ్చేశారని ఊళ్లో అంటున్నారు. నిజమేనాండి?”

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. లక్షన్నరలో మిగతాది ఎక్కడిదో ఆఖర్న చెబుతానన్నాను కదా. చెరువు లీజుకి తీసుకున్న అడ్వాన్సు.

దాళ్వా కోత అవగానే పొక్లెయిన్ వస్తుంది. మా చేలో సూర్యోదయం చూడాలనుకునేవాళ్లు ఈలోగా వెళ్లండి. టిక్కెట్టు లేదు.