సీటు దక్కునొక్కొ! ఒక దరఖాస్తు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

స్కోరు వచ్చె లేఖ కోరగా వచ్చెను
నేనె చేసినాను నేనె యనుచు
వేయి మాటలందు విప్పితి బతుకెల్ల
సీటు దక్కునొక్కొ చెప్పుమయ్య

అవతారిక

ఇందు కవి విదేశీ ఎంబీఏకు దరఖాస్తు పెట్టిన తెలుగు యువకుడు. వయసు ఇరవై ఏడు. బీటెక్కు, ఆపైన హైదరాబాదులో అయిదేళ్ల సాఫ్ట్‌వేర్ కొలువు. కాలం సెప్టెంబరు, అనగా మొదటి రౌండు. హార్వర్డు వారి గడువు బోస్టన్‌లో మధ్యాహ్నం 12 గంటలు. ఆ వేళకు మనకు రాత్రి 9:30. సబ్మిట్ బటన్ నొక్కిన పిమ్మట నిద్ర పట్టక చెప్పుకున్న పద్యమిది.

పూర్వం కవి రాజును పొగిడేవాడు, రాజు అగ్రహారం ఇచ్చేవాడు. ఈ కావ్యంలో కవే నాయకుడు. పొగిడేదీ తనే, పొగిడించుకునేదీ తనే. విన్నవారు బహుమానం ఇవ్వకపోగా వినిపించుకున్నందుకు 250 డాలర్లు పుచ్చుకుంటారు. ఈ వింత ఇంకే కావ్యసంప్రదాయంలోనూ కనబడదు.

ప్రతిపదార్థం

స్కోరు = జీమ్యాట్ అను పరీక్షయందలి అంకె; వచ్చెన్ = ఎట్టకేలకు వచ్చినది; లేఖ = పై అధికారి వ్రాయవలసిన సిఫారసు ఉత్తరము; కోరగా = వాట్సాప్‌లో పలుమార్లు గుర్తుచేయగా; వచ్చెను = గడువుకు కాస్త ముందుగా చేరినది; నేనె చేసినాను = అది నా ఒక్కని పనియే; నేనె = (దీని అర్థము ముందు తెలియగలదు); అనుచున్ = అని చెప్పుకొనుచు; వేయి మాటలందు = వెయ్యి పదముల హద్దులో; బతుకెల్లన్ = పుట్టుక మొదలు మొన్నటి అప్రైజల్ వరకు గల జీవితమంతయు; విప్పితిన్ = పరచి చూపితిని; సీటు = తరగతిలో చోటు; దక్కునొక్కొ = లభించునో, లభింపదో; అయ్య = ఓ అయ్యా; చెప్పుము = తెలుపుము.

తాత్పర్యం

పరీక్షలో మంచి అంకె తెచ్చుకున్నాను. బాసును బతిమాలి ఉత్తరం సంపాదించాను. చేసిందంతా నేనేనని వెయ్యి మాటల్లో రాశాను. ఇంతకీ సీటు వస్తుందా రాదా, చెప్పండి మహాప్రభో అని భావము.

విశేషాలు

స్కోరు: దీనికి ప్రాచీన, నవీన పాఠాలు రెండున్నాయి. 1954లో మొదలైన ఈ పరీక్షకు చాలాకాలం 800 పరమావధి. 2023 నవంబరులో వచ్చిన కొత్త పాఠంలో అది 805 అయింది. వ్యాసరచన పోయింది, వాక్యదోషాలు దిద్దే భాగం పోయింది. 64 ప్రశ్నలు, 2 గంటల 15 నిమిషాలు మిగిలాయి. అంకె చివర సున్నా ఉంటే పాత పాఠమనీ, అయిదు ఉంటే కొత్త పాఠమనీ గ్రహించాలి. కొత్త లెక్కలో 645 ఇంచుమించు పాత 700తో సమానం. ఈ సూక్ష్మం తెలియక ఎన్నో ఇళ్లలో అనర్థాలు జరిగాయి. "పక్క ఫ్లాట్ అబ్బాయికి అప్పట్లో 720 అట, నీకు 675 యేనా?" అని తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నిజానికి నెగ్గింది ఆమె కొడుకే. కాని పర్సంటైల్ పట్టిక తెచ్చి చూపించినంత మాత్రాన తల్లి దుఃఖం తీరదు. ఆవకాయ ఏడాది నిలవుంటే ఈ స్కోరు అయిదేళ్లు నిలవుంటుందన్నదొక్కటే ఊరట.

లేఖ: ఏకవచనం. హార్వర్డు, స్టాన్‌ఫర్డు, ఇన్సియాడ్ అడిగేవి రెండేసి లేఖలు కదా, కవి ఒకటి మింగేశాడేమని శంక. ఇది జాత్యేకవచనమని ఒక సమాధానం. రెండు లేఖలూ ఒకే చేతి రాత కనుక ఒకటిగానే లెక్క అని లోకజ్ఞుల సమాధానం. ఈ రెండోదానికి ఆధారం "కోరగా" అనే పదంలోనే ఉంది. కోరినవాడికి మన ఆఫీసుల్లో వచ్చే మొదటి జవాబు: "డ్రాఫ్టు నువ్వే కొట్టి పంపించు, నేను అప్‌లోడ్ చేసేస్తా." బడులు దీన్ని ఒప్పుకోవు. ఉత్తరం రాసేవాడు తన మాటల్లో తానే రాయాలంటాయి. ఇతనికి మీరిచ్చిన ముఖ్యమైన సలహా ఏమిటి, విని ఏం చేశాడు అని నిలదీస్తాయి. మన పెద్దమనిషికేమో టీసీ మీద "కాండక్ట్: గుడ్" అని రాసే హెడ్మాస్టరుగారి బాణీ ఒక్కటే తెలుసు. "కష్టపడే కుర్రాడు, సెలవులు తక్కువ పెడతాడు" అని రెండు ముక్కలు రాసి మహోపకారం చేశాననుకుంటాడు. అందుకే కుర్రాడు తన గురించి తానే బాసు గొంతుతో రాసుకోవడానికి తయారవుతాడు. తన ఎస్సేలో ఉన్న విశేషణాలే ఆ లేఖలోనూ దొర్లుతాయి. చదివేవారు దొంగను పట్టుకునేది అక్కడే.

వేయి మాటలందు: ఇది స్టాన్‌ఫర్డును సూచిస్తుంది. అక్కడ మొదటి వ్యాసానికి 650, రెండోదానికి 350 మాటలు, వెరసి వెయ్యి. హార్వర్డు 2024లో పద్ధతి మార్చి 300, 250, 250 మాటల మూడు చిన్న ప్రశ్నలు పెట్టింది. అందుచేత "ఎనిమిది వందల" అని పాఠాంతరం ఉండాలని కొందరు వాదించారు. అలా చదివితే గణం, యతి రెండూ తప్పుతాయి. కాబట్టి కవి పద్యంలో చెప్పింది స్టాన్‌ఫర్డు దరఖాస్తు సంగతేనని ఛందోబలంతో తేల్చడమైనది. 250 డాలర్లు పుచ్చుకున్న హార్వర్డువారు పద్యంలో చోటు దక్కనందుకు నొచ్చుకోరాదు.

ఇక ఆ మొదటి వ్యాసానికి వారిచ్చే ప్రశ్న ఇది: నీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది, ఎందుకు? మన పూర్వులు దీనికోసం అడవులకు పోయారు. కవి పొద్దున్న పదింటికి స్టాండప్ కాల్ ఉండగా ముందురాత్రి కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ల బతుకును వెయ్యి మాటల్లోకి దించితే ఏడాదికి ముప్పయ్యేడు మాటలు వస్తాయి. ఇంత ఇరుకులోనూ ప్రతి దరఖాస్తులోకీ ఒక తాతగారు నడిచివస్తారు. ఆయన పంచె కట్టి, చెప్పుల్లేకుండా పొలం వెళ్లి, మనవడికి నాయకత్వ లక్షణాలు నేర్పుతారు. బతికున్నప్పుడు తాతగారు ఇన్ని మాటలు మాట్లాడినట్టు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

సీటు: ఈ పదం చూసి తెలుగు పాఠకుడు మోసపోరాదు. మనకు సీటంటే ఎంసెట్ సీటు. ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్ పిలుస్తారు, వెబ్ ఆప్షన్లు పెడతాము, ఏ ర్యాంకు దాకా ఏ కాలేజీ ఇచ్చిందో పోయినేటి జాబితాలో ఉంటుంది. అందుకే కవి తండ్రి అడిగిన మొదటి ప్రశ్న: "ఏ స్కోరు దాకా ఇస్తార్రా?" దీనికి జవాబు లేదు. కటాఫ్ లేదు, ర్యాంకు లేదు. ఒకే స్కోరున్న ఇద్దరిలో ఒకరిని పిలిచి మరొకరికి నమస్కారం పెడతారు. స్టాన్‌ఫర్డు గుమ్మం ముందు నిలుచున్న పదిమందిలో ఒక్కరికైనా ప్రవేశం దొరకదు. వారు ర్యాంకుల వరస కాక ఒక తరగతిని కూర్చుతారు: ఒక బ్యాంకరు, ఒక సైనికాధికారి, ఒక డాక్టరు, ఆఫ్రికాలో సంస్థ నడిపిన ఒక మనిషి. ఆ తరగతిలో ఇండియా నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఉండే చోటు కొద్దిపాటిది, దానికోసం క్యూ కూకట్‌పల్లి నుంచి మొదలవుతుంది. అంచేత కవికి పోటీ ప్రపంచంతో కాదు, తన అపార్ట్‌మెంటుతో.

దక్కు ధాతువుకు ఖర్చు కూడా అర్థమే. దక్కితే రెండేళ్ల చదువుకూ తిండికీ 2 లక్షల డాలర్లు దాటుతుంది. ఇంటి కాగితాలు బ్యాంకు బీరువాలోకి నడుస్తాయి. ఇన్సియాడ్ పది నెలల్లో ముగిస్తుంది, 2001లో గచ్చిబౌలిలో తలుపులు తెరిచిన ఐఎస్‌బీ ఏడాదిలో ముగిస్తుంది గదా అని తండ్రి ఆశగా చూస్తాడు. కవి చూపు పడమటి సముద్రం మీదనే ఉంది.

చెప్పుమయ్య: ఎవరా అయ్య? వ్యాఖ్యాతలు మూడు ముఠాలయ్యారు. కన్సల్టెంటని ఒక మతం. కాని ఆయన డబ్బు ముట్టాక "ప్రొఫైల్ స్ట్రాంగే, చూద్దాం" అన్నది తప్ప ఏమీ చెప్పడు. చిలుకూరు బాలాజీ అని రెండో మతం. కాని ఆ స్వామి ఖ్యాతి వీసాల విషయంలో. సీటు రానిదే వీసా ప్రసక్తి లేదు కనుక ఇది ఆయన పరిధిలోకి రాదు. పదకొండు ప్రదక్షిణలు ముందే చేసిపెట్టుకుంటే నష్టం లేదు. అడ్మిషన్ కమిటీ అని మూడో మతం. అదే గ్రాహ్యం. "చెప్పుము" అని కవి ఒకటే అడిగాడు గాని వారి దగ్గర జవాబులు మూడు: రమ్మనడం, వద్దనడం, వెయిట్‌లిస్టు. మూడోదానిలో పడ్డవాడు ఉద్యోగం మానలేడు, ప్రమోషన్ అడగలేడు, పెళ్లిచూపులకు వెళ్లలేడు.

నేనె... నేనె: పద్యానికి ప్రాణం ఇక్కడుంది గనుక చివరికి అట్టిపెట్టాము.

పూర్వపక్షం: ఒకే పాదంలో "నేనె" రెండుమార్లు వచ్చినది, ఇది పునరుక్తి దోషము, అహంకార దోషము కూడా.

సమాధానం: మొదటి నేనె సంగతి ముందు చూద్దాం. తెలుగింట పెరిగినవాడికి నేను అనడం సులువు కాదు. ఫస్టు ర్యాంకు వచ్చిందంటే అమ్మానాన్నల ఆశీర్వాదం, ప్రాజెక్టు గట్టెక్కిందంటే "మా టీమంతా కష్టపడ్డాం సార్." కవి తొలి చిత్తుప్రతిలో "మేము" అని ఉన్న చోటల్లా కన్సల్టెంటు ఎర్రగీత గీసి "ఇందులో నువ్వేం చేశావ్?" అని రాశాడు. సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం అనే నాలుగు మెట్లు నేర్పి ప్రతి మెట్టు మీదా నేనును నిలబెట్టాడు. నాలుగో ప్రతికి వచ్చేసరికి ఎనిమిదిమంది కలిసి చేసిన మైగ్రేషన్ కవి ఒక్కడే చేసినట్టు తేలింది. మొహమాటం పోయింది, అహంకారం వచ్చింది. ఇది ప్రతి దరఖాస్తులోనూ ఉండే నేనె. దీనివల్ల ఎవరికీ సీటు రాదు, ఎందుకంటే అందరికీ ఉంది.

రెండో నేనె వేరు. ఇన్సియాడ్ వారు గర్వపడే విజయం చెప్పమని ఊరుకోరు, ఓడిపోయిన సందర్భమూ చెప్పమంటారు. ఇక్కడే మన కలం మొరాయిస్తుంది. గెలుపు మాటెత్తితే మేము అంటాం, ఓటమి మాటెత్తితే మనిషే ఉండడు: సర్వర్ పడిపోయింది, డేటా పోయింది, క్లయింటుకు కోపం వచ్చింది. అన్నీ వాటంతటవే జరిగాయి. లేదా అలంకారశాస్త్రం వెనక దాక్కుంటాం: "నా లోపం ఏమిటంటే, పని పూర్తయ్యేదాకా నిద్రపోలేను." నిందలా వినిపించే పొగడ్త ఇది, వ్యాజస్తుతి. పాఠ్యపుస్తకాల్లో ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు, దరఖాస్తులో ఇంతకంటే పాతబడ్డ వాక్యమూ దొరకదు.

కవి రెండో నేనె మీద పద్యంలో చాలాసేపు ఆగాడని మా ఊహ. ఆ మైగ్రేషన్ రాత్రి బ్యాకప్ సరిచూడనిదెవరు? నేనె. సరిచూద్దామన్న జూనియర్ను "టైం లేదమ్మా" అని ఆపిందెవరు? నేనె. పదం అదే, అర్థం అదే, తాత్పర్యం మారింది. దీన్నే లాటానుప్రాసం అంటారు. కనుక పునరుక్తి దోషం లేదు. అహంకార దోషమూ లేదు, రెండోది మొదటిదాని ముక్కుకు తాడు వేసింది గనుక. పైగా లెక్కించి చూడండి: రెండో నేనె పడ్డది నాలుగో గణం మొదట, సరిగ్గా యతిస్థానంలో. దాన్ని తీసేస్తే పాదం కూలుతుంది.

మరొక ఆక్షేపం: ఇంతగా "నేను" అనిపించిన బడులవారు లోపలికి రానిచ్చాక ఏం చేస్తారు? గుంపులో పడేస్తారు. వార్టన్ వారు అంతదాకా ఆగరు. సీటు ఇవ్వకముందే అయిదారుగురు అభ్యర్థులను కలిపి కూర్చోబెట్టి, అరగంట పైచిలుకులో ఒక ప్రతిపాదన తయారుచేయమంటారు. హార్వర్డులో తొంభైమంది ఉన్న గదిలో కేసు చర్చకు పెట్టి, ఎదుటివాడి మాటను అందుకుని ముందుకు తీసుకెళ్లమంటారు. నేనని రాసి వచ్చినవాడు మనమని మాట్లాడాలి. ఇది వైరుధ్యం కాదు. గుంపులో తప్పు జరిగినప్పుడు చెయ్యెత్తగలవాడెవడో చూసుకుని రానివ్వడమే వారి ఉద్దేశం.

లోకన్యాయం

"సత్య నాదెళ్ల, శంతను నారాయణ్ మన బేగంపేట పబ్లిక్ స్కూలు పిల్లలే, వాళ్లూ ఎంబీఏలే" అని తండ్రులు ఉదహరిస్తారు. నిజమే. టీకాకారుని చేర్పు ఒక్కటే: ఇద్దరూ ఉద్యోగం చేస్తూనే ఆ చదువు పూర్తిచేశారు. నాదెళ్ల మైక్రోసాఫ్టులో పనిచేస్తూ వారాంతాల్లో సియాటిల్ నుంచి షికాగో విమానమెక్కారు. నారాయణ్ బర్కిలీలో చదివారు. ఇంటి కాగితాలు పట్టుకుని బ్యాంకుకు బయల్దేరే ముందు ఈ భాగం కూడా చదువుకోవాలి.

ఫలశ్రుతి

ఈ టీక ముమ్మారు చదివినవారికి సీటు వస్తుందని చెప్పలేము. మొదటి రౌండులో పోతే జనవరిలో రెండోది ఉంది. పఠన ఫలం మరొకటి ఉంది. సీటు వచ్చినా రాకపోయినా కవి ఏదో ఒకనాటికి మేనేజరవుతాడు. అప్పుడు ఇరవై ఏడేళ్ల కుర్రాడొకడు బల్ల ముందు నిలబడి "సార్, ఒక రికమెండేషన్ లెటరు..." అని నసుగుతాడు. "డ్రాఫ్టు నువ్వే కొట్టి పంపించు" అనే మాట నోటి చివరిదాకా వస్తుంది. ఈ టీక చదివినవాడైతే దాన్ని మింగి, "కూర్చో. పోయినేడు ఆ బ్యాకప్ గొడవలో నువ్వేం చేశావో చెప్పు, నేనే రాస్తాను" అంటాడు.