పేరు మీది, కారు మాది

1895లో సైకిళ్లతో మొదలైన లారిన్ అండ్ క్లెమెంట్, అంటే ఇవాళ్టి స్కోడా, తన సైకిళ్లకు స్లావియా అని పేరు పెట్టుకుంది. అందుకోసం ఎవర్నీ అడగలేదు. అలాంటి పాతకాపు కంపెనీకి 2024 ఫిబ్రవరిలో, మన దేశంలో అమ్మబోయే చిన్న ఎస్‌యూవీకి ఏం పేరు పెట్టాలో తోచలేదట. జనం మధ్య పోటీ పెట్టింది. రెండు లక్షలకు పైగా ఎంట్రీలు వెళ్లాయి. ఆగస్టులో ‘కైలాక్’ అని ప్రకటించి, స్ఫటికమని అర్థమిచ్చే సంస్కృత పదం నుంచి వచ్చిందనీ చెప్పారు. గెలిచినవారికి మొదటి కారు బహుమతి. నిబంధనలు చదవనంతవరకు ఇదంతా ప్రజాస్వామ్యంలాగే ఉంటుంది. ఆ పేరు ఇంగ్లిషు ‘కె’తో మొదలై ‘క్యూ’తో ముగిసి తీరాలి. ముందూ వెనకా వాళ్లే బిగించేసి మధ్యలో నింపమన్నారన్నమాట. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు కూడా ఇంతకంటే ఎక్కువ చోటే వదులుతాడు. పైగా మనది అజంత భాష. హైదరాబాదు నాచారంలో నాలుగు నోళ్లలో నానితే అది కైలాకు అయి, పప్పులో వేసే ఆకుకూరల సరసన చేరుతుంది.

సరదా పోటీయే కదా, ఎవరికేం నష్టం అంటారు. నష్టం లేదు, నిజమే. నవ్వొచ్చేది కారు మనదే అన్నట్టు చేసే ఆ హడావుడికి. ధర ఎంతుండాలి, సర్వీసింగుకి ఎంత తీసుకోవాలి, విడిభాగాల రేటేమిటి అని ఏ కంపెనీ జనాన్ని ఓటడగదు. పైసా ఖర్చు లేని చోటే జనాభిప్రాయం గుర్తొస్తుంది. 2016లో టాటా వారి పరిస్థితి వేరు. కారుకి జికా అని పెట్టుకున్నాక అదే పేరుతో వైరస్ ప్రపంచమంతా చుట్టింది, కొత్త పేరు నిజంగానే కావాల్సి వచ్చింది. టియాగో, సివెట్, అడోర్ అని మూడు పేర్లు ఓటుకి పెడితే టియాగో గెలిచింది. సివెట్ అంటే పునుగుపిల్లి. ఓటర్లు ఆ గండం తప్పించారు, సంతోషం. 2018లో హ్యుందాయ్ కూడా నామకరణ పోటీ పెట్టింది. తేలింది శాంట్రో, 1998 నుంచి ఉన్న పాత పేరే. మనవడికి తాత పేరు పెట్టడం మన ఇళ్లలోనూ ఉంది గానీ, దానికి ఊరంతా చాటింపు ఎవరూ వేయించరు. ఇక్కడ అసలు పని చాటింపే. రెండు లక్షల ఎంట్రీల కోసం జనం బుర్ర బద్దలుకొట్టుకుంటూ చేసిపెట్టిన ప్రచారానికి బయట రేటు కడితే, ఒక్క కారు చాలా చవక.

జనం పేరు పెట్టడమంటే ఏమిటో తెలియాలంటే నాచారం పారిశ్రామికవాడ గేట్ల ముందు ఆగే బండ్లు చూస్తే చాలు. సరుకు మోసే మధ్యరకం లారీ మీద ఐషర్ అని ఉన్నా టాటా అని ఉన్నా, ఇక్కడ అది డీసీఎం. 1980లలో టయోటాతో కలిసి అలాంటి బండ్లు చేసిన కంపెనీ పేరది. విప్పి చదివితే ఢిల్లీ క్లాత్ మిల్స్. ఆ వ్యాపారం తర్వాత డేవూ చేతికి పోయింది, ఆపైన డేవూ కూడా పోయింది. ఢిల్లీ బట్టల మిల్లు పేరు మాత్రం తెలంగాణ రోడ్ల మీద ఇంకా సరుకు మోస్తూనే ఉంది. పక్కనే ఉప్పల్లో క్రికెట్ స్టేడియానికి మొదట డబ్బు కట్టిన విశాక ఇండస్ట్రీస్ పేరు, ఆ తర్వాత రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. మ్యాచ్ చూడబోయేవాడు ‘ఉప్పల్ స్టేడియం’ అంటాడు. మెట్రో వాళ్లయితే ఉత్త ‘స్టేడియం’ అని బోర్డు పెట్టి ఊరుకున్నారు. అయితే కంపెనీలు పేరు పెట్టనేకూడదా? పెట్టాలి. ట్రేడ్‌మార్కు గొడవ రాకుండా, నాలుగు భాషల్లో బూతు కాకుండా చూసి, జీతం తీసుకునేవాళ్లే పెట్టాలి.

2017లో అంబాసిడర్ అనే పేరును హిందుస్థాన్ మోటార్స్ 80 కోట్లకు ప్యూజో కంపెనీకి అమ్మింది. ఒట్టి పేరు, చక్రాలు లేకుండా. 2024లో విడుదలైనప్పుడు కైలాక్ ప్రారంభ ధర 7.89 లక్షలు. ఆ లెక్కన ఒక పేరుకి వెయ్యి కార్లు రావాలి, ఒకటి కాదు. అర్ధ శతాబ్దం రోడ్డెక్కి తిరిగితేనే అంబాసిడర్‌కి ఆ విలువ వచ్చింది గానీ ఊరికే రాలేదని కంపెనీవారు వాదించవచ్చు. ఒప్పుకుందాం. అంటే రోడ్డెక్కకముందు ఏ పేరుకీ విలువ లేదనేగా. మరి అంతమంది జనాన్ని పలకా బలపం ఇచ్చి దేనికి కూర్చోబెట్టినట్టు?